ముప్పై ఏడు డిగ్రీలు

బ్లడ్ బ్యాంకులో రాత్రి డ్యూటీ అంటే
ఫ్రిజ్‌ల మూలుగు వింటూ కూర్చోవడమే.
రెండున్నరకి ఫోను మోగింది.
"క్రయో, పది బ్యాగులు. స్ట్రోక్ వార్డుకి.
మందు పడ్డాక తలలో రక్తం."
డాక్టర్ ప్రద్యుమ్నది
నీళ్లు తాగడం మరిచిపోయిన గొంతు.

మైనస్ ముప్పైలోంచి తీశాను పది పలకల్ని.
గుంటూరు మే నెల రాత్రిలో
నా వేళ్లకి మాత్రం చలి కరిచింది.
వాటర్ బాత్‌లో ముప్పై ఏడు డిగ్రీలు.
అంతకన్నా వేడి పెడితే పాడవుతుంది,
తొందరపెడితే పనికిరాదు.
నీళ్లకి ఎవరి ప్రాణమూ తెలియదు.

అప్పుడొచ్చారు వాళ్లు.
మిర్చి యార్డు జట్టు, ఏడుగురు.
వాళ్ల కన్నా ముందు ఘాటు వచ్చింది,
కౌంటర్ దగ్గర నిద్రపోతున్న వాచ్‌మన్ మూడు తుమ్ములతో లేచాడు.
మేస్త్రి సైదారావు చొక్కా చేయి భుజం దాకా మడిచేశాడు:
"మా నాగుల్ మీరాకి రక్తం పోతోందంట.
తీసుకోండమ్మా. ఏడుగురం ఉన్నాం."

లారీ మీదికి ఆఖరి టిక్కీ ఎక్కిస్తుండగా
మీరా కుడికాలు మాట వినలేదట, నోరు ఓ పక్కకి జారిందట.
ఆటోలో పడుకోబెట్టి గంటలోపే చేర్చారు.
గడ్డని కరిగించే మందు మొదలైన నలభై నిమిషాలకి
పిడికిలి ముడుచుకుంది.
"కాసింబీ" అన్నాడట, స్పష్టంగా.
ఏడుగురూ వరండాలో ఒకరి వీపు ఒకరు చరుచుకున్నారు.
ఆ తర్వాత తలనొప్పన్నాడు. కక్కుకున్నాడు.
సీసాలో కాస్త మిగిలుండగానే నర్సు గొట్టం మూసేసింది.
స్కానింగులో, బూడిదరంగు మెదడులో,
తెల్లగా ఓ మరక.

"రక్తం వద్దండీ" అన్నాను.
"రక్తం పోతుంటే రక్తం వద్దంటావేంటి?"

ఎలా చెప్పాలి?
ఫైబ్రినోజెన్ అన్న మాట
ఈ మడిచిన చేతుల ముందు నోట్లోనే ఆగిపోయింది.
చూపు సైదారావు నడుముకి పోయింది.
అక్కడ దబ్బనం, పురికొస చుట్ట.

"టిక్కీ మూతి దేంతో కుడతారు?"
"పురికొసతో."
"మీరా తలలో ఒకచోట కుట్టు అడ్డంపడి దారి మూసింది.
ఆ కుట్టు విప్పమని మందు పంపాం.
అది విప్పింది. పిడికిలి కదిలింది కదా, అందుకే.
కానీ ఆ మందుకి ఏ కుట్టు ఉంచాలో తెలియదు.
ఒంట్లో ఉన్న పురికొసంతా పీకేస్తోంది.
కాయ ఎంత పోసినా కుట్టని సంచిలో నిలుస్తుందా?"

సైదారావు చేయి మెల్లగా దించాడు.
"అయితే ఆ నీళ్లలో ఉన్నది..."
"పురికొసే. ఎవరెవరో ఇచ్చిన రక్తంలోంచి తీసి దాచింది."

ఏడుగురూ బాత్ చుట్టూ నిలబడ్డారు, కాటా చుట్టూ నిలబడ్డట్టు.
పలకలు మెత్తబడ్డాయి,
గంజిలో చిటికెడు పసుపు కలిసిన రంగు.
వాళ్ల మీద నుంచి వీచే కారానికి నా కళ్లు కారుతున్నాయి,
కారమే అనుకున్నాను.

ఒంటిగంటకి కరుగు కరుగు అన్నాం.
మూడింటికి కట్టు కట్టు అంటున్నాం.
అదే నరం, అదే మనిషి, అదే మేం.

పెట్టె తీసుకుని అందరికన్నా చిన్నవాడు పరిగెత్తాడు.
నూట ఎనభై దాటిన బీపీని పైన దించుతున్నారట,
సర్జన్‌ని నిద్ర లేపారట.
మళ్లీ ఫోను. గుండె జారింది.
ఫైబ్రినోజెన్ రిపోర్టు: ఎనభై రెండు.
ఇంకో నాలుగు కరిగించమన్నారు.

మా రిజిస్టర్లో బ్యాగు నంబరు ఉంటుంది, గ్రూపు ఉంటుంది,
ఇచ్చిన టైము ఉంటుంది.
ఏమైంది అన్న గడి ఉండదు.
తెల్లారి సంతకం పెట్టి ఇంటికి పోయాను.

ఆదివారం సైదారావు ఒక్కడే వచ్చి మంచం మీద వాలాడు.
"ఎవరికోసం?" అడిగాను.
"ఎవరికో. దాచండి."
సూది గుచ్చుతుంటే పైకప్పు చూస్తూ అన్నాడు:
"మరక పెరగలేదంట. కుడిచెయ్యి ఇంకా రావట్లేదు.
నిన్న ఎడం చేత్తో టీ తాగాడు, సగం చొక్కా మీదే.
కాసింబీని మాత్రం తిడుతున్నాడు, బాగానే తిడుతున్నాడు."

నవ్వబోయి తుమ్మాను.
బాత్‌లో నీళ్లు తగ్గాయి, పోయాలి.